కరాటే, కర్రసాము, కబడ్డీ: నేను విడదీసిన కొట్లాటలు

మొన్న కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు నాకు ఫోన్ చేసింది. "మేడం, ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పించమని పైనుంచి చెప్పారు. నాకు ఖోఖో తప్ప ఇంకేమీ రాదు. ఏం చెయ్యాలి?" అని అడిగింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. పొయ్యి మీద పప్పు మాడిపోయింది కాని చెప్పాల్సింది సగం కూడా కాలేదు. ఇలాంటి ఫోన్లు ఇంకా వస్తాయి, పప్పు రోజూ మాడ్చుకోలేను కాబట్టి రాసి పెడుతున్నాను.

పీఈటీ అంటే పొద్దున్నే ప్రార్థనలో సావధాన్, విశ్రామ్ అని అరిచే మనిషి అని లోకం అనుకుంటుంది. చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. ఏ టీచరు సెలవు పెట్టినా ఆ పీరియడ్ మనదే. జెండా తాడు ముడిపడినా మనమే, స్కూల్లోకి కోతులు వచ్చినా మనమే. ఇవన్నీ ఎవరో ఒకరు మీకు చెబుతారు. ఎవరూ చెప్పనిది ఒకటుంది. స్కూల్లో కొట్లాట జరిగితే లెక్కల సారు కిటికీలోంచి చూస్తారు, హెడ్మాస్టరు గారు ఫోన్ చూసుకుంటారు, పరుగెత్తాల్సింది మాత్రం పీఈటీ. అందుకే నేను ఉద్యోగంలో నేర్పిన ఆటల కంటే విడదీసిన కొట్లాటలే ఎక్కువ.

అసలు కొట్లాట ఎలా ఉంటుందో ముందు చెబుతాను. ఇద్దరూ చాలాసేపు తిట్టుకుంటారు. తర్వాత చొక్కాలు పట్టుకుంటారు. తర్వాత ఇద్దరూ కలిసి కింద పడతారు. పైనున్నవాడు గెలిచాడని మనం అనుకుంటాం, ఆ సమయానికి కిందున్నవాడు వాడి భుజం కొరుకుతూ ఉంటాడు. ఎగిరి తన్నినవాణ్ణి నా ఉద్యోగం మొత్తంలో ఒక్కణ్ణే చూశాను. వాడి చెప్పు ఎగిరి బావిలో పడింది. మిగతా కొట్లాట ఆపి అందరూ ఆ చెప్పు తీశారు.

శీను మాస్టర్, నాపరాయి

నేను చివరగా పనిచేసింది గురజాల దగ్గర ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో. మా హెడ్మాస్టరు సాంబశివరావు గారు మంచివారు, భయస్థులు. ఏ పోటీకి పిల్లలను తీసుకువెళ్తున్నా గేటు దాకా వచ్చి, "గెలవకపోయినా ఫర్వాలేదు కరుణ మేడం, పేపర్లో మాత్రం పడకూడదు" అని దీవించి పంపేవారు.

ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పమని ఆదేశం వచ్చినప్పుడు ఆయన పిడుగురాళ్ళ నుంచి ఒక కరాటే మాస్టర్‌ను పిలిపించారు. పేరు శ్రీనివాసరావు. అందరూ శీను మాస్టర్ అనేవారు. ముప్పై దాటిన మనిషి, బక్కపలచన. తెల్లటి దుస్తుల మీద నల్ల బెల్టు కట్టుకుని బండి మీద వచ్చాడు. ఆ ఎర్ర దుమ్ము దారిలో అంత తెల్లగా ఎలా రాగలిగాడా అని నేను అప్పుడే ఆశ్చర్యపోయాను. తర్వాత తెలిసింది, ఊరి బయట ఆగి బట్టలు మార్చుకుని వచ్చాడట.

మొదటి రోజు ప్రదర్శన. మాస్టర్ పెంకులు అడిగాడు, చేత్తో పగలగొట్టి చూపిద్దామని. మా ఊళ్ళో పెంకుటిళ్ళు పోయి చాలా కాలమైంది. హెడ్మాస్టరు గారు ఏమాత్రం తగ్గకుండా, "పల్నాడులో రాళ్ళకేం కొదవండీ" అని అటెండర్ చేత బాత్రూములకు వేయగా మిగిలిన నాపరాయి ఒకటి తెప్పించారు. రెండు బెంచీల మధ్య దాన్ని అడ్డంగా పెట్టారు.

మా నాన్న నాపరాళ్ళ క్వారీలో పనిచేసి పోయాడు. ఆ రాయి ఎలాంటిదో నాకు చెప్పక్కర్లేదు. శీను మాస్టర్ కూడా పిడుగురాళ్ళ వాడే, అతనికీ చెప్పక్కర్లేదు. రాయిని చూడగానే అతని ముఖంలో రంగు మారింది.

"సార్, ఇది కొంచెం మందంగా ఉన్నట్టుందే" అన్నాడు.

"మంచి సరుకు. మా ఎంపిక" అన్నారు హెడ్మాస్టరు గారు గర్వంగా.

స్కూలు మొత్తం చూస్తోంది. వెనక్కి తగ్గే దారి లేదు. మాస్టర్ కళ్ళు మూసుకుని, ఊపిరి పీల్చి, గట్టిగా అరిచి కొట్టాడు. రాయి కదల్లేదు. కాని ఆ దెబ్బకు ఒక బెంచీ కాలు ఊడిపోయింది. బెంచీ ఒరిగింది, రాయి జారి నేల మీద పడి రెండు ముక్కలైంది. పిల్లలు ఈలలు వేశారు. హెడ్మాస్టరు గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

తర్వాత చూస్తే మాస్టర్ నీళ్ళ ట్యాంకు వెనక నిలబడి కుళాయి కింద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. సోడా కొట్టు నుంచి ఐసు తెప్పించి ఇచ్చాను.

"రాయి నేను పగలగొట్టలా మేడం. బెంచీ పగలగొట్టింది" అన్నాడు మెల్లగా.

"చూశాను లెండి."

"పిల్లలకి చెప్పమాకండి."

చెప్పలేదు. అబద్ధం చెప్పి తప్పించుకోని మనిషి కనుక అతని మీద నాకు ఆ రోజే నమ్మకం కుదిరింది.

నాగమణి పట్టు

నా కబడ్డీ జట్టులో నాగమణి అని తొమ్మిదో తరగతి పిల్ల ఉండేది. పొలం పనులు చేసుకునే కుటుంబం. మనిషి పొట్టి, చేతులు మాత్రం గట్టివి. కూతకు వచ్చిన అమ్మాయి చీలమండ దాని చేతికి చిక్కిందంటే ఇక ఆ అమ్మాయి ఔటే.

కరాటే క్లాసు కొన్ని వారాలు బాగానే నడిచింది. పిల్లలు వరసల్లో నిలబడి గాలిలో పిడికిళ్ళు విసిరేవారు. అందరికంటే అందంగా చేసేది ప్రసన్న అనే పదో తరగతి అమ్మాయి. మాట పైకి రాని పిల్ల, కాని కరాటే అడుగులు వేస్తుంటే నాట్యం చూసినట్టుండేది. మాస్టర్ అందరికీ ఆమెనే ఉదాహరణగా చూపించేవాడు.

ఒకరోజు చెయ్యి పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలో నేర్పుతున్నాడు. "ఎవరైనా వచ్చి నా మణికట్టు పట్టుకోండి" అన్నాడు. నాగమణి లేచింది. నేను ఆపుదామనుకున్నాను, కాని చూడాలనే కోరిక ఎక్కువైంది.

నాగమణి పట్టుకుంది. మాస్టర్ నవ్వుతూ చెయ్యి అటు తిప్పాడు. రాలేదు. ఇటు తిప్పాడు. రాలేదు. నవ్వు తగ్గింది.

"అట్టా కాదమ్మాయ్. మామూలుగా పట్టుకోవాల."

"మామూలుగానే పట్టుకున్నా సార్."

"నేను తిప్పినప్పుడు నువ్వు కూడా తిరుగుతున్నావు. తిరగమాక. అట్టాగే నిలబడాల."

నాగమణి ఆలోచించింది. ఎగతాళిగా అడగలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. "మరి బయట పట్టుకునేవోడికి ఆ సంగతి ఎవరు చెప్తారు సార్?"

పిల్లలు నవ్వారు. మాస్టర్ కూడా నవ్వాడు కాని చెవులు ఎర్రబడ్డాయి. నేను ఈల వేశాక గాని నాగమణి వదల్లేదు. ఈల వినబడే దాకా పట్టు వదలకూడదని నేర్పింది నేనే.

కొత్తగా చేరే పీఈటీలకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. పాత విద్యల్లో లోపం విద్యలో లేదు. నేర్చుకునే తీరులో ఉంది. గురువు కొట్టగానే పడిపోయే శిష్యుడితో ఎన్నేళ్ళు సాధన చేసినా, పడనివాడు ఎదురైన రోజు చేతులు ఆడవు. కబడ్డీలో ఎదుటివాడు మన మాట వినడు. రోజూ వాడు తప్పించుకోవాలనే చూస్తాడు, మనం పట్టుకోవాలనే చూస్తాం. ఆటే కావచ్చు, ఆ పెనుగులాట మాత్రం నిజం.

ఎల్లమంద తాత

ఆ ఏడాది దాచేపల్లి వైపు ఒక ఊరి తిరునాళ్ళలో కబడ్డీ పోటీలు పెట్టారు. మా ఆడపిల్లల ఆట ముందు, మగవాళ్ళ ఫైనల్ తర్వాత. శీను మాస్టర్‌ను ముఖ్య అతిథిగా పిలిచి, తెల్ల దుస్తుల్లోనే రావాలని మరీ మరీ చెప్పారు. పొద్దున అదే మైదానంలో ఎల్లమంద అనే ముసలాయన కర్రసాము చేసి చూపించాడు. పంచె ఎగగట్టి, తన కంటే పొడుగైన వెదురు కర్రను గిరగిరా తిప్పుతుంటే కర్ర కనబడలేదు, గాలి చప్పుడు మాత్రం వినబడింది. మాస్టర్ వెళ్ళి ఆయన కాళ్ళకు దండం పెట్టాడు.

మగవాళ్ళ ఫైనల్లో చివరి కూత దగ్గర గొడవ మొదలైంది. తగిలిందని ఒక ఊరు, తగల్లేదని ఇంకో ఊరు. మా పిల్లలు కోర్టు పక్కనే కుర్చీల్లో ఉన్నారు. పల్నాడు కొట్లాటలో మొదటి ఆయుధం ప్లాస్టిక్ కుర్చీ. నాలుగు కుర్చీలు లేచేసరికి మేము మధ్యలో ఉన్నాం. నేను నా అనుభవమంతా కూడగట్టుకుని ఈల ఊదాను. కొట్టుకునేవాళ్ళు ఒక్క క్షణం ఆగి, అంపైర్ తమకే పాయింటు ఇచ్చాడనుకుని రెట్టింపు ఉత్సాహంతో మళ్ళీ కలబడ్డారు.

శీను మాస్టర్ వచ్చి మా ముందు నిలబడ్డాడు. ఇది నేను మరిచిపోను. పారిపోయే దారి ఉండి కూడా వచ్చి నిలబడ్డాడు. కాళ్ళు ఎడంగా పెట్టి, పిడికిళ్ళు బిగించి, పుస్తకంలో బొమ్మలా ఉన్నాడు. కాని అతన్ని కొట్టడానికి ఎవరూ రాలేదు. గొడవ నుంచి పారిపోతున్న ఒక లావుపాటి పెద్దమనిషి కాలు జారి, పడిపోకుండా చేతికి దొరికింది పట్టుకున్నాడు. దొరికింది మాస్టర్ బెల్టు. ఇద్దరూ కలిసి పడ్డారు. పెద్దమనిషి కింద నుంచి లేవడం మాస్టర్ వల్ల కాలేదు. "అయ్యా లెగండి, అయ్యా లెగండి" అని అతను, "నన్ను కొట్టమాక నాయనా" అని ఆయన.

అప్పుడు వచ్చాడు ఎల్లమంద తాత.

"ఆడపిల్లలందరూ నా ఎనక్కి రండమ్మా. నడవండి, పరిగెత్తమాకండి" అన్నాడు.

కర్ర తిప్పడం మొదలుపెట్టాడు. ఎవరి మీదికీ వెళ్ళలేదు. కర్ర తిరిగినంత మేర జనం వాళ్ళంతట వాళ్ళే పక్కకు తప్పుకున్నారు. ఆ ఖాళీలో మేమంతా నడిచి మైదానం పక్కనున్న చర్చి కాంపౌండు లోపలికి చేరాం. మాస్టర్ కూడా ఎలాగో పెద్దమనిషి కింద నుంచి బయటపడి కుంటుకుంటూ వచ్చాడు. తాత గేటు గొళ్ళెం వేసి, కర్ర గోడకానించి, దబ్బున కూలబడ్డాడు. రొప్పుతున్నాడు.

"ఇంత విద్య ఉండి ఒక్కణ్ణి కూడా కొట్టలేదేం తాతా?" అని అడిగింది నాగమణి.

"కొడితే కేసయిద్ది. తిప్పితే దారయిద్ది" అన్నాడాయన. సోడా తాగి కాస్త తేరుకున్నాక నిజం కూడా చెప్పాడు. "ఇంకాసేపయితే నేనే పడిపోయేవోణ్ణి. ఎనకనించి ఎవడన్నా రాయేసినా నా పనయిపోయేది. ఇయ్యాల మన అదురుష్టం బాగుండాది."

కర్రసాము అసలు గొడవలో పనికొస్తుందా అని నన్ను అడిగితే, పనికొచ్చింది అంటాను. అయితే దానికి పేరున్న పట్లేవీ కారణం కాదు. కర్ర పొడుగు, తాత గుండె నిబ్బరం, దెబ్బకు కాకుండా దారికే తిప్పాలన్న బుద్ధి కారణం. ఆ మూడింటిలో మొదటిది మాత్రమే కొట్లో దొరుకుతుంది.

వీడియో

మాస్టర్ పడిన దృశ్యాన్ని ఎవరో ఫోన్లో తీశారు. పాట కలిపి వదిలారు. రెండు రోజుల్లో అది మా స్టాఫు గ్రూపులోకి కూడా వచ్చింది. హెడ్మాస్టరు గారు దానికి చప్పట్ల బొమ్మ పెట్టి, తర్వాత విషయం తెలిసి తీసేశారు.

పిడుగురాళ్ళలో మాస్టర్ నడిపే క్లాసులో పిల్లలు తగ్గిపోయారు. అతనికి వేరే ఆధారం లేదు. ఒకరోజు సాయంత్రం మామూలు చొక్కా ప్యాంటుతో స్కూలుకు వచ్చాడు. అలా చూడటం అదే మొదటిసారి కాబట్టి ఎవరో తండ్రి పిల్లాడి కోసం వచ్చాడనుకున్నాను.

"రేపట్నించి రాను మేడం. వేరే ఎవర్నన్నా చూసుకోండి."

"ఎందుకు?"

"బజార్లో కుర్రోళ్ళు నన్ను చూసి ఒకళ్ళ నడుం ఒకళ్ళు పట్టుకుని నవ్వుతున్నారు మేడం. చిన్నప్పట్నించి ఇదే నేర్చుకున్నా. ఎవరో పెద్దమనిషి బెల్టు పట్టుకుంటే పడిపోయా."

ఓదార్చడం నాకు రాదు. ఇన్నేళ్ళు పిల్లలు పడి మోకాళ్ళు చీరుకుంటే మట్టి దులిపి లోపలికి తోసిన మనిషిని. "మీకు రానిది ఒక్కటే" అన్నాను. "మీ పిల్లలు మీరు తోస్తే పడతారు. మా పిల్లలు పడరు. రోజూ సాయంత్రం మా మగపిల్లల జట్టుతో కబడ్డీ ఆడండి. అప్పటికీ మానాలనిపిస్తే మానేద్దురుగాని."

మొదటి రోజు కూతకు వెళ్ళి మాస్టర్ తిరిగి రాలేదు. ఎక్కడ పట్టుకున్నారో కూడా అతనికి తెలియలేదు. మట్టిలోంచి లేచి, "ఇదేం పద్ధతి? నేనింకా నిలబళ్ళా" అన్నాడు. గీత బయట నిలబడిన నాగమణి, "నిలబడితే పట్టుకోరా సార్? కాలు వెనక్కి, వెనక్కి" అని కేకలు వేసింది. అప్పటి నుంచి నాగమణి గురువు, మాస్టర్ శిష్యుడు. దెబ్బ తగిలిందన్నా ఆమె జాలి చూపలేదు.

నెలలు గడిచేసరికి అతని క్లాసు మారింది. ఒక గట్టి నియమం పెట్టాడు. పట్టుకునే పిల్ల నిజంగా పట్టుకోవాలి, విడిపించుకునే పిల్ల నిజంగా విడిపించుకోవాలి. చూడటానికి అందంగా ఉండేది కాదు. జడలు ఊడిపోయేవి, పిన్నులు పోయేవి. కరాటేలో కొన్ని వదిలేశాడు, కొన్ని ఉంచుకున్నాడు. దూరం చూసుకుని నిలబడటం, గొంతెత్తి అరవడం, పడ్డా వెంటనే లేవడం. "ముందు పరిగెత్తండి. పరిగెత్తడానికి లేనప్పుడే మిగతాదంతా" అని క్లాసు మొదలులో రోజూ చెప్పేవాడు. కాళ్ళు ఎత్తి తన్నే విద్య మాత్రం వార్షికోత్సవానికి దాచిపెట్టాడు. దానికి అక్కడ మంచి పేరే వచ్చింది.

మాచర్ల బస్టాండు

ఒకసారి పోటీలు ముగించుకుని మాచర్ల బస్టాండులో సాయంత్రం బస్సు కోసం ఉన్నాం. మాస్టర్ అరటిపండ్లు కొనడానికి వెళ్ళాడు. నేను బస్సు సంగతి కనుక్కోవడానికి విచారణ కిటికీ దగ్గర ఉన్నాను. పిల్లలు ఒక స్తంభం దగ్గర సంచులు పెట్టుకుని కూర్చున్నారు.

తాగి ఉన్న ఒకడు వచ్చి, జట్టుకు తోడుగా వచ్చి చివర కూర్చున్న ప్రసన్న చెయ్యి పట్టుకున్నాడు. ఏ ఊరు, ఏం పేరు అని అడుగుతూ పైకి లాగాడు. అన్ని అడుగులూ పొల్లుపోకుండా వచ్చిన ప్రసన్న రాయిలా అయిపోయింది. అరవలేదు, లాక్కోలేదు.

నాగమణి కూర్చున్న చోటు నుంచే వాడి చీలమండ అందుకుంది. వాడు కాలు విదిలించబోయేసరికి ఇంకో పిల్ల రెండో కాలు పట్టింది. మిగతావాళ్ళు చేతులు కలిపి గొలుసుగా వచ్చి మీద పడ్డారు. నేను పరుగెత్తి వచ్చేసరికి నేల మీద పిల్లల గుట్ట ఒకటి కనబడింది. గుట్ట కింద నుంచి, "అమ్మా, లెగండమ్మా, నా చెప్పు పోయిందమ్మా" అని ఏడుపు వినిపిస్తోంది. మాస్టర్ అరటిపండ్ల గెల భుజాన వేసుకుని వచ్చి, ఎక్కడ జోక్యం చేసుకోవాలో తెలియక నిలబడిపోయాడు.

బస్టాండు పోలీసాయన వచ్చాడు. "ఎవరమ్మా ఈడ్ని కొట్టింది?"

"కొట్టలా సార్. పట్టుకున్నాం" అంది నాగమణి, కాలు వదలకుండానే.

"సరే, ఇంక వదలండి."

"మేడం ఈల వెయ్యాల సార్."

పోలీసాయన నా వైపు చూశాడు. ఈల వేశాను. పిల్లలు ఒక్కసారిగా లేచి, వరసలో నిలబడి, బట్టలు దులుపుకున్నారు. వాడు మాత్రం కాసేపు లేవలేదు. ఇంకో ఈల వస్తుందేమోనని చూస్తున్నట్టున్నాడు.

ఇది విని చప్పట్లు కొట్టేవాళ్ళకు ఒక మాట. వాడి దగ్గర కత్తి ఉండి ఉంటే నేను ఈ కథ ఇలా చెప్పేదాన్ని కాదు. నాగమణికి మోచేయి గీరుకుపోయింది. వాడు ఒక్కడే, తాగి ఉన్నాడు, మా పిల్లలు జట్టుగా ఉన్నారు. గెలుపులో ఇవన్నీ ఉన్నాయి. పిల్లలకు గెలిచిన సంగతి చెప్పినప్పుడు ఇవి కూడా చెప్పండి.

బస్సులో అందరూ ఒకటే గోల. ప్రసన్న మాత్రం కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "నేనే అందరికంటే బాగా చేస్తాను కదా సార్. నాకేమీ గుర్తు రాలేదు" అంది మాస్టర్‌తో, ముఖం తిప్పకుండానే.

మాస్టర్ ఆమె ముందు సీట్లోకి మారి వెనక్కి తిరిగి కూర్చున్నాడు. "నా వీడియో చూశావా?" అని అడిగాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

"పడిపోయాక నేను ఒక్క దెబ్బ గుర్తు తెచ్చుకోలేకపోయా. బెల్టు విప్పాలని కూడా తట్టలా. బిగుసుకుపోవడం తప్పు కాదమ్మా, ఒళ్ళు అట్టా చేసిద్ది. ఒంటికి అలవాటు చెయ్యాల. అంతే."

అతను తన జీవితంలో చెప్పిన అత్యుత్తమ పాఠం అదేనని నా అభిప్రాయం. అప్పటిదాకా ఆ వీడియో మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయే మనిషి అతను.

దీనమ్మ అడిగింది

రెండు రోజుల తర్వాత ప్రసన్న వాళ్ళమ్మ దీనమ్మ స్కూలుకు వచ్చింది. మిరపకోతలకు వెళ్ళే మనిషి. హెడ్మాస్టరు గారు ఆమెను చూడగానే బస్టాండు గొడవ పేపర్లో పడుతుందని ఖాయం చేసుకుని నన్ను పిలిపించారు. దీనమ్మ గుమ్మం దగ్గరే నిలబడి, "ఆ కలాసు మాలాంటోళ్ళకి చెప్పరా అమ్మా?" అంది.

హెడ్మాస్టరు గారు ఊపిరి పీల్చుకుని వెంటనే ఒప్పుకున్నారు. ఆదివారం సాయంత్రం మైదానంలో అని నిర్ణయించాం. పదిమంది వస్తారనుకుంటే మైదానం నిండింది. కూలికి వెళ్ళేవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, ఇద్దరు అంగన్వాడీ టీచర్లు. చంటిపిల్లలు గోడ పక్కన నిద్రపోతున్నారు. శీను మాస్టర్ తెల్ల దుస్తులు ఉతికించి వేసుకొచ్చాడు.

"అమ్మా, బయట ఎవరైనా మన చెయ్యి పట్టుకుంటే" అని మొదలుపెట్టాడు.

దీనమ్మ చెయ్యెత్తింది. "బయటోళ్ళ సంగతి తర్వాత చెప్దురుగాని సారూ. తాగి ఇంటికొచ్చినోణ్ణి ఏం చెయ్యాలో ముందు చెప్పండి."

ఎవరూ నవ్వలేదు. మాస్టర్ నా వైపు చూశాడు. ఇన్నేళ్ళు కొట్లాటలు విడదీశానని గొప్పగా చెప్పుకునేదాన్ని. అక్కడున్న వాళ్ళలో సగం మంది రోజూ పడే కొట్లాట దగ్గరికి ఒక్కసారి కూడా పరుగెత్తలేదని అప్పుడు తెలిసింది. అది స్కూలు గోడ అవతల జరుగుతుంది, దానికి బెల్లు మోగదు.

"అందరూ కూర్చోండి" అన్నాను. నేను కూడా నేల మీద కూర్చున్నాను. మాస్టర్ తెల్ల దుస్తులతోనే ఆ మట్టిలో కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఒక్కరూ పిడికిలి బిగించలేదు. తిరిగి కొడితే ఇంకా ఎక్కువ కొడతాడు అని ఒకామె, పోలీసుల దగ్గరికి పోతే ఇంటికొచ్చాక ఏం చెయ్యాలి అని ఇంకొకామె. పోలీసు స్టేషన్‌కు తోడు కావాలంటే నేను వస్తానని చెప్పాను. చీకటి పడబోతుండగా దీనమ్మే ఒక ఆలోచన చెప్పింది. దాన్ని కరాటే అనలేం, కర్రసాము అనలేం. కబడ్డీకి కొంచెం దగ్గర. మాస్టర్ దానికి చిన్న సవరణలు చేశాడు: ఎవరు ఎక్కడ కూర్చోవాలి, గడప ఖాళీగా ఉంచాలి, పిల్లల్ని ముందే పక్కింటికి పంపాలి.

తర్వాతి ఆదివారం ఆమె అందరికంటే ముందు వచ్చింది.

"ఏమైంది దీనమ్మా?" అని అడిగాను.

"శుక్రారం సందేళ మా ఆయన ఆటో దిగతానే తిట్లు మొదలుపెట్టాడు టీచరుగారూ. నేను కేకేశా. మా వీధిలోవాళ్ళంతా వచ్చి అరుగు మీద వరసగా కూర్చున్నారు. ఎవరూ ఏమీ అన్లా. మా సుబ్బులక్క చింతపండు తెచ్చుకుని గింజలు తీసుకుంటా కూర్చుంది."

"మరి అతను?" అన్నాడు మాస్టర్.

"చానాసేపు అట్టా నిలబడి చూశాడు. ఎల్లి తన ఆటోలోనే పడుకున్నాడు. తెల్లారి లేచి నన్నడిగాడు, ఈళ్ళు రోజూ వస్తారా అని."

"నువ్వేమన్నావు?"

"నీ ఇష్టం అన్నా."